పాత జీఎంసీ మోటార్‌హోమ్: ఇంజిన్ మార్చాలా, సైలెన్సర్ లైన్ మార్చాలా?

1973 నుంచి 1978 వరకు మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో తయారైన జీఎంసీ మోటార్‌హోమ్ (లోపలే ఇల్లు ఉండే బండి) కొన్నవాళ్లు మొదటి పెద్ద కొండ ఎక్కేసరికి అడిగే ప్రశ్న ఒకటే: "ఇంజిన్ మార్చేద్దామా?" బండి రొప్పుతుంది, వెనక కార్లు హారన్ కొడతాయి, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. ఇంజిన్ ముసలిదైపోయిందని అనిపించడం సహజమే. నా లెక్క మాత్రం వేరు. పదిలో ఎనిమిది బళ్లకి ముందు పొగ లీకులు కట్టించాలి, తర్వాత క్రౌన్ పినియన్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకి బలం అందించే చివరి పళ్ల జత) మార్చాలి, ఆ తర్వాత కావాలంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాలి. కొత్త ఇంజిన్ మాట ఆఖరున. డబ్బు ఖర్చు మాత్రం చాలామంది సరిగ్గా తలకిందుల వరుసలో పెడతారు.

ఎందుకలా అంటున్నానో అర్థం కావాలంటే ఈ బండి నిర్మాణం కాస్త తెలియాలి. ఇది ముందు చక్రాలతో నడిచే బండి. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో వాడిన ఇంజిన్, గేర్‌బాక్స్ జతనే తెచ్చి ఇందులో పెట్టారు. 1977 మధ్య దాకా 455 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే దాదాపు ఏడున్నర లీటర్లు. ఆ తర్వాత 403, అంటే 6.6 లీటర్లు. రెండూ వీ8లే. గేర్‌బాక్స్ పేరు టర్బో హైడ్రామాటిక్ 425, మూడు గేర్ల ఆటోమేటిక్. ఇది ఇంజిన్ వెనక కాకుండా పక్కన, గొలుసుతో తిరుగుతూ ఉంటుంది. కుడి చక్రానికి వెళ్లే యాక్సిల్ ఇంజిన్ ఆయిల్ చాంబర్ కిందనుంచి దూరి వెళ్తుంది. వెనక్కి పోయే షాఫ్టు లేదు, వెనక డిఫరెన్షియల్ లేదు, అందుకే నేల అంత కిందికి ఉంటుంది. ఈ బండి అందం, తలనొప్పి రెండూ ఆ ఏర్పాటులోనే ఉన్నాయి. ఏ ఇంజిన్ తెచ్చినా ఆ గేర్‌బాక్స్ మొహానికి అతకాలి, దాని ఆయిల్ చాంబర్ ఆ యాక్సిల్‌కి దారి ఇవ్వాలి.

ముందు ఉన్న ఇంజిన్ సంగతి తేల్చుకోండి

షెడ్డుకి వెళ్లకముందే ఇంట్లో చేసుకోగల పరీక్షలు రెండున్నాయి.

మొదటిది కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూడటం. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఎనిమిది సిలిండర్లూ కొలవండి. అంకె ఎంత వచ్చిందనేది అంత ముఖ్యం కాదు, తేడా ఎంతనేది చూడాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చినది, ఎక్కువ వచ్చినదానిలో ముప్పావు వంతుకి తగ్గకుండా ఉంటే బోరు పని (సిలిండర్ గోడలు చెక్కించడం) ఇప్పుడే అక్కర్లేదు.

రెండోది వ్యాక్యూమ్ గేజ్, ఇంజిన్ గాలి పీల్చే బలం కొలిచేది. ఇది ఎక్కువమంది చేయరు, కానీ నిజం చెప్పేది ఇదే. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల జత) గేజ్ తగిలించి ఐడిల్‌లో చూడండి. సముద్రమట్టానికి దగ్గర ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 17 నుంచి 20 అంగుళాల (పాదరసం కొలత) దగ్గర నిలకడగా చూపిస్తుంది. ఇప్పుడు మెల్లగా 2,500 ఆర్‌పీఎంకి తీసుకెళ్లి అక్కడే పట్టుకోండి. ముల్లు ఒక్కసారి కదిలి మళ్లీ స్థిరపడితే సరే. అలా కాకుండా నెమ్మదిగా, ఒక్కొక్క అంగుళం దిగుతూ పోతుంటే పొగ బయటికి పోయే దారి మూసుకుపోతోందని అర్థం. సైలెన్సర్ లోపలి రేకులు ఊడి అడ్డం పడి ఉండొచ్చు. ఆ కాలపు ఇంజిన్లలో ఒక పక్క పొగ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒక్కచోటికి చేర్చే పోత గొట్టం) చివర చిన్న రేకు కవాటం ఉంటుంది, హీట్ రైజర్ అంటారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగని కార్బ్యురేటర్ కిందికి మళ్లించడం దాని పని. ఏళ్ల తరబడి నిలబెట్టిన బళ్లలో ఇది తుప్పుపట్టి మూసుకున్న చోటే బిగుసుకుపోతుంది. పికప్ చచ్చిపోతుంది, కార్బ్యురేటర్ విపరీతంగా వేడెక్కుతుంది, మనం ఇంజిన్‌ని తిడతాం. తుప్పు వదిలించే నూనె వేసి చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే కదిలిపోయే కవాటం కోసం ఇంజిన్ దించిన సందర్భాలు ఉన్నాయి.

ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించడం

కంప్రెషన్ పోయిందని తేలితే మొదటి ఎంపిక ఇదే కావాలి. 455కి ఉన్న గొప్ప గుణం కింది ఆర్‌పీఎంలో లాగే బలం. నాలుగుంపావు అంగుళాల పొడవైన స్ట్రోకు, రెండు వేల చిల్లర ఆర్‌పీఎంలోనే టార్క్ దాదాపు మొత్తం వచ్చేస్తుంది. సామాన్లతో ఐదు టన్నుల దాకా తూగే బండికి కావాల్సింది అదే. దీన్ని రేసు ఇంజిన్‌లా కట్టించమని ఎవరైనా అంటే వినకండి. పెద్ద క్యామ్ (కవాటాలు తెరిచే షాఫ్టు) పెడితే బలం పైకి జరుగుతుంది, కింద ఖాళీ అయిపోతుంది. ఫ్యాక్టరీ క్యామ్ లేదా దానికి దగ్గరది చాలు.

ఇంజిన్ విప్పినా విప్పకపోయినా ఒక్కటి మాత్రం చూడాలి, టైమింగ్ చైన్ పళ్ల చక్రం. ఆ రోజుల్లో చప్పుడు తగ్గించడానికి క్యామ్ పళ్ల చక్రానికి నైలాన్ పళ్లు పెట్టారు. యాభై ఏళ్ల వేడికి అవి పెళుసెక్కి విరుగుతాయి. విరిగిన ముక్కలు ఆయిల్ చాంబర్‌లో పడి పంపు జల్లెడకి అడ్డంపడతాయి. ఆయిల్ ప్రెషర్ పోయిందంటే బేరింగులు పోయినట్టే. ఉక్కు పళ్ల జత ఖరీదు పెద్దదేం కాదు.

403 వాళ్లకి రెండు జాగ్రత్తలు. దీని సిలిండర్ల మధ్య నీళ్లు తిరగవు, గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, కాబట్టి ఎక్కువ బోరు వేయడానికి వీలుండదు. క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే లోపలి గోడలకి కూడా కిటికీల్లాంటి కంతలుంటాయి. మోటార్‌హోమ్ నడిచే ఆర్‌పీఎంలో ఇవేవీ ఇబ్బంది పెట్టవు. బలం పెంచే పనులు పెట్టుకుంటేనే చిక్కు. 403 వేడెక్కి బ్లాకు దెబ్బతింటే, దాన్ని పట్టుకుని వేలాడేకన్నా మంచి 455 వెతుక్కోవడం మేలు. రెండింటి గేర్‌బాక్స్ మొహం ఒకటే కాబట్టి అదే గేర్‌బాక్స్‌కి బిగుస్తుంది. కానీ 455 బ్లాకు ఎత్తు ఎక్కువ. ఇన్‌టేక్, పొగ గొట్టాల జాయింట్లు 403వి వాడుకుందామంటే కుదరదు.

కాడిలాక్ 500

8.2 లీటర్లు. 1970 నుంచి 1976 దాకా ముందు చక్రాల ఎల్డొరాడో కారులో ఇదే 425 గేర్‌బాక్స్‌తో వచ్చిన ఇంజిన్ కాబట్టి, మొహం మార్చే ప్లేటు అక్కర్లేకుండా బిగుస్తుంది. అందుకే ఈ మార్పు జీఎంసీ యజమానుల్లో ఎప్పటినుంచో ఉంది. కింది టార్క్ ఇంకా ఎక్కువ. కొనేటప్పుడు చూడాల్సింది ఆయిల్ చాంబర్. వెనక చక్రాల కాడిలాక్ నుంచి తీసిన 500 అయితే దాని చాంబర్ యాక్సిల్‌కి దారి ఇవ్వదు, ఎల్డొరాడో చాంబర్, దానికి సరిపోయే ఆయిల్ పికప్ గొట్టం విడిగా సంపాదించాలి. డిస్ట్రిబ్యూటర్ వెనక కాకుండా ముందుంటుంది, పొగ గొట్టాలు కొత్తగా వంచించాలి, పైమూత కింద ఎయిర్ క్లీనర్‌కి ఎత్తు సరిపోతుందో కొలుచుకోవాలి. 500 తయారీ 1976తో ఆగిపోయింది. కొండదారిలో ఏ చిన్న పట్నంలోనో ఆగిపోతే దీని సామాను దొరకడం ఓల్డ్స్ సామాను కన్నా కష్టం. మీ చేతిలో ఇప్పటికే మంచి 500 ఉంటే తప్ప దీని కోసం వెతుక్కుంటూ వెళ్లమని నేను చెప్పను.

కొత్త తరం ఎల్‌ఎస్ ఇంజిన్

"అన్నా, ట్రక్కు ఎల్‌ఎస్ పెట్టించేస్తే గొడవ వదిలిపోతుంది కదా?" అని అడిగే తమ్ముళ్లకి కొదవ లేదు. 1999 తర్వాతి జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల్లోని 6.0 లీటర్ల ఎల్‌ఎస్ ఇంజిన్ నిజంగా మంచి సరుకే. పొద్దున్నే చలిలో తాళం తిప్పగానే అందుకుంటుంది, సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, హార్స్‌పవర్ 300 దాటుతుంది.

కానీ ఆ ఇంజిన్ టార్క్ శిఖరానికి చేరేది నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర. ఫ్యాక్టరీ క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.07 ఉన్న ఈ బండి, గంటకి 60 మైళ్ల దగ్గర రెండు వేల వంద ఆర్‌పీఎం తిరుగుతుంది. అంటే కొత్త ఇంజిన్ బలం ఉన్న చోటికి గేర్‌బాక్స్ దాన్ని పోనివ్వదు. ఉన్నదేమో మూడే గేర్లు. లక్షణంగా పనిచేసే 455 నుంచి దీనికి మారి, కొండ మీద తేడా ఏమీ లేదని నిట్టూర్చే అవకాశం బాగా ఉంది. పైగా ఎల్‌ఎస్ వెనక మొహం షెవర్లే కొలత, 425ది ఓల్డ్స్ కొలత. అతుకు ప్లేటు కావాలి, యాక్సిల్‌కి దారిచ్చే చాంబర్ చేయించాలి, వైరింగ్, పెట్రోలు పంపు, రేడియేటర్ గొట్టాలు అన్నీ కొత్తవే. షెడ్డుకిచ్చి చేయిస్తే బిల్లు ఐదంకెల డాలర్లలోకి వెళ్తుంది. సగంలో వదిలేసిన ఇలాంటి ప్రాజెక్టులు అమ్మకానికి వస్తుంటాయి. వాటి జోలికి అసలు పోకండి.

సొంతంగా వెల్డింగ్, వైరింగ్ చేసుకోగలిగి, క్రౌన్ పినియన్ కూడా కలిపి మార్చే ఓపిక ఉన్నవాళ్లకే ఎల్‌ఎస్ బాగుంటుంది.

అసలు మార్పు: క్రౌన్ పినియన్

మన దగ్గర లారీవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఘాట్ రోడ్డు లోడుకి పోయే బండికి ఇంజిన్ కన్నా ముందు పళ్ల లెక్క చూస్తారు.

ఫ్యాక్టరీ నిష్పత్తి 3.07 బదులు 3.42 వేస్తే చక్రం దగ్గర టార్క్ ప్రతి గేరులోనూ 11 శాతం పెరుగుతుంది. 3.70 వేస్తే 20 శాతం. ఇంజిన్‌లో ఒక్క బోల్టు ముట్టుకోకుండానే. అంత లాభం 455 నుంచి పిండాలంటే ఎన్ని వేలు పోయాలో ఏ ఇంజిన్ షెడ్డువాళ్లనైనా అడగండి.

నష్టం లేకపోలేదు. ఇప్పుడు ఎక్కువమంది వాడే 16 అంగుళాల టైర్ల మీద, గంటకి 60 మైళ్ల దగ్గర ఆర్‌పీఎం లెక్క వేస్తే 3.07కి సుమారు 2,100, 3.42కి 2,350, 3.70కి 2,550 వస్తుంది. కన్వర్టర్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో క్లచ్ పని చేసే భాగం) జారుడు వల్ల ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. చప్పుడు పెరుగుతుంది. మైలేజీ మాత్రం భయపడినంత పడిపోదు, ఎందుకంటే ఈ బండి తాగేది బరువు, గాలి దెబ్బ వల్ల. ఎలా కట్టినా గాలనుకి 8 నుంచి 10 మైళ్ల దగ్గరే తిరుగుతుంటుంది. ఇంజిన్ మారిస్తే పెట్రోలు మిగులుతుందని ఎవరైనా చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

455కి 3.42 సరిపోతుంది. 403కి, కొలరాడో లాంటి చోట ఉండేవాళ్లకి 3.70 వేయించండి. డెన్వర్ నుంచి పడమరకి వెళ్లే ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, ఇంజిన్ బలమూ దాదాపు అంతే మిగులుతుంది. ఆ ఎత్తులో అక్కరకొచ్చేవి గేరు పళ్లే.

పొగ దారి: మానిఫోల్డా, హెడర్లా?

పోత ఇనుము మానిఫోల్డు బరువు, మొరటు, కానీ మొండిది. చప్పుడు మింగేస్తుంది, వేడిని తనలో పట్టి ఉంచుతుంది. దాని రోగం ఒకటే, ఏళ్ల వేడికి వంకర తిరిగి చివరి బోల్టుల్ని విరిచేస్తుంది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టక్ టక్ టక్ మని గడియారంలా వినిపించి, ఐదు నిమిషాల్లో మాయమైతే అది ట్యాపెట్ చప్పుడు కాదు, మానిఫోల్డు లీకు. ఇనుము వేడికి సాగి కంత మూసుకుంటుంది, అంతే. టార్చి వేసి చూస్తే హెడ్డు మీద నల్లటి మసి గీత కనిపిస్తుంది. ఓల్డ్స్ హెడ్డులో మధ్య రెండు సిలిండర్ల పొగ ఒకే కిటికీలోంచి బయటికొస్తుంది, అక్కడే వేడి ఎక్కువ, గాస్కెట్ ముందు అక్కడే పోతుంది. మానిఫోల్డు విప్పి, మొహం చదును పట్టించి, మంచి బోల్టులు, కొత్త గాస్కెట్లు వేస్తే మరో ఇరవై ఏళ్లు నిలబడుతుంది. విరిగిన బోల్టు హెడ్డులోంచి తీయడమే అసలు పని. అది చేతిలో నైపుణ్యం ఉన్నవాడికే ఇవ్వండి, డ్రిల్లు పక్కకి జారితే హెడ్డు దించాలి.

హెడర్లు, అంటే ఒక్కో సిలిండర్‌కి విడి గొట్టం, చూడ్డానికి బాగుంటాయి. అవి లాభం చూపించేది ఎక్కువ ఆర్‌పీఎంలో. లెక్క వేద్దాం: 455 ఇంజిన్ 3,500 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండినా నిమిషానికి పీల్చేది 460 ఘనపుటడుగుల గాలి. దాని మీద ఉన్న క్వాడ్రాజెట్ కార్బ్యురేటరే 750 ఇవ్వగలదు. అంటే ఈ బండి నడిచే వేగాల్లో ఊపిరాడక ఇంజిన్ ఇబ్బంది పడటం లేదు. హెడర్లతో వచ్చే ఆ కొద్ది లాభానికి బదులుగా పల్చటి గొట్టాలు మూసిన గదిలాంటి ఇంజిన్ చోటులో వేడిని వెదజల్లుతాయి. స్టార్టరు, వైర్లు, పెట్రోలు గొట్టం అన్నీ ఆ పక్కనే. సన్న ఫ్లాంజ్‌లు (హెడ్డుకి బిగించే అంచు పలకలు) వంగి మళ్లీ లీకు. మానిఫోల్డు పగిలి, మరోటి దొరకనప్పుడు హెడర్లు సరైన జవాబే. అప్పుడు మందపాటి ఫ్లాంజ్ ఉన్నవి, లోపలా బయటా సెరామిక్ పూత వేసినవి తీసుకోండి. గొట్టాలకి వేడి ఆపే గుడ్డ చుట్టించకండి. అది తేమని పట్టి ఉంచి, నిలబెట్టే బండిలో గొట్టాన్ని త్వరగా తినేస్తుంది.

మానిఫోల్డు తర్వాతి లైన్ మీద మాత్రం ఖర్చు పెట్టండి. రెండు పక్కల నుంచి రెండున్నర అంగుళాల గొట్టాలు, ఒకే పెద్ద సైలెన్సర్ చాలు. గ్లాస్ ఊలు నింపిన పొట్టి సైలెన్సర్లు సాయంత్రం పూట సరదాగానే వినిపిస్తాయి, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నాలుగు గంటలు వింటే తల పగిలిపోతుంది. బండి లోపల పడుకున్న పిల్లలకి ఇంకా నరకం. ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే బండి కాబట్టి గొట్టం బయటికన్నా లోపలే ముందు తుప్పుపడుతుంది. స్టార్ట్ చేసి పది నిమిషాల్లో ఆపేస్తే పొగలోని నీరు సైలెన్సర్‌లోనే నిలిచిపోతుంది. అందుకే అల్యూమినియం పూత గొట్టం కన్నా స్టెయిన్‌లెస్ స్టీల్‌కి అదనంగా పెట్టిన డబ్బు వృథా పోదు. లైన్ వేసేవాడికి ఒక మాట ముందే చెప్పండి: ట్యాంకులకి, వెనక సస్పెన్షన్ గాలి బ్యాగులకి దూరంగా పోవాలి, దగ్గర తప్పనిచోట వేడి రేకు పెట్టాలి, చివరి గొట్టం బాడీ అంచు దాటి బయటికి రావాలి.

ఈ చివరి సంగతి సోకు కోసం కాదు. ఇంజిన్ పైమూత ముందు సీట్ల మధ్య నేలలోనే ఉంటుంది. మానిఫోల్డు లీకు అయితే ఆ పొగ నేరుగా మీరు కూర్చున్న గదిలోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఏ ఇంజిన్ పెట్టినా పెట్టకపోయినా, మంచాల దగ్గర ఒక అలారం, డ్రైవర్ దగ్గర ఒక అలారం ఉండాలి. మూత చుట్టూ రబ్బరు కూడా మార్పించండి.

ఇంజెక్షన్ ఎప్పుడు?

కార్బ్యురేటర్ స్థానంలో బిగించే థ్రాటిల్ బాడీ కిట్లు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి, కిట్ ఒక్కటే వెయ్యి డాలర్ల పైన. ఎత్తుకి తగ్గట్టు మిశ్రమం అదే సర్దుకుంటుంది, చలి స్టార్టింగ్ హాయి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు వేడికి గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోయే జబ్బు కూడా దీంతో చాలావరకు పోతుంది, ఎందుకంటే ట్యాంకు దగ్గరి ఎలక్ట్రిక్ పంపు ఒత్తిడితో తోస్తుంది. ఆవిరి జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లు ముందు ఆ పంపు మాత్రం పెట్టి చూడండి, క్వాడ్రాజెట్‌కి సరిపోయే తక్కువ ఒత్తిడిది.

పొగ లీకులు ముందు కట్టమన్నది ఇక్కడే అక్కరకొస్తుంది. ఇంజెక్షన్ కంప్యూటర్ పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌ని నమ్ముకుని పనిచేస్తుంది. సెన్సర్‌కి ముందు ఎక్కడ లీకున్నా బయటి గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు తక్కువైందని కంప్యూటర్ అనుకుని ఇంకా పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, కిట్ పనికిమాలినదని పేరు పడుతుంది. లీకున్న బండికి ఇంజెక్షన్ పెట్టి ఇలా బాధపడినవాళ్లు చివరికి కార్బ్యురేటర్‌కే తిరిగొస్తుంటారు.

వెనక చక్రాలతో నడిచే వేరే కంపెనీల మోటార్‌హోమ్‌ల లెక్క కొంచెం వేరు. డాడ్జ్ ఎం300 ఛాసిస్ మీది విన్నెబాగోలో 413 లేదా 440 ఉంటే, షెవర్లే పీ30 మీది 454 ఉంటే, గేర్‌బాక్స్ వెనక ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఆర్‌పీఎం తగ్గించే అదనపు గేరు) పెట్టుకునే వీలుంది, ఇంజిన్ మార్పిడికి అడ్డు తక్కువ. అయినా వ్యాక్యూమ్ గేజ్, మానిఫోల్డు లీకు, పళ్ల నిష్పత్తి, ఈ వరుస వాటికీ వర్తిస్తుంది. ఏ బండి అయినా బలం పెంచే ముందు బ్రేకులు చూడండి. జీఎంసీలో ముందు రెండు చక్రాలకే డిస్కులు, వెనక నాలుగింటికీ డ్రమ్ములే.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఒక సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. 1975, అంతకుముందు మోడల్ పెట్రోలు బళ్లకి స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య తనిఖీ) లేదు. 1976 మోడల్ నుంచి ఉంది. ఆ బళ్లకి హెడర్లు, ఇంజెక్షన్ కిట్ పెట్టాలంటే ఆ రాష్ట్ర గాలి నాణ్యత బోర్డు అనుమతి నంబరు ఉన్నవే పెట్టాలి. వేరే ఇంజిన్ పెడితే అది బండి మోడల్‌కి సమానమైనదో, కొత్తదో కావాలి, దానితో వచ్చిన కాలుష్య సామాను మొత్తం ఉండాలి, రెఫరీ (రాష్ట్ర స్మాగ్ తనిఖీ కేంద్రం) దగ్గర చూపించి ఒప్పించుకోవాలి. అందుకే ఇంజిన్ ఆడించాలనే సరదా ఉన్నవాళ్లు అక్కడ 1973 నుంచి 1975 లోపు బండినే వెతుక్కోండి. 1976 తర్వాతిది కొనేటట్టయితే, బయానా ఇచ్చేముందే చివరి స్మాగ్ సర్టిఫికెట్ అడిగి చూడండి.